పసుపు గీత ఎవరి చేతిది?

పాత కార్ల పోటీల్లో మార్కులు వేసే ఆయన్ని అందరూ అనుమానాలయ్య అంటారు. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు బోల్టులు బిగించిన మనిషి. రాతకైనా తిండికైనా ఎడమ చెయ్యే. తళతళలాడే కారు కనిపిస్తే చాలు, మొహం చిట్లిస్తాడు. ఈ పోటీలో కారు అందంగా ఉంటే సరిపోదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి, రంగు కారిన చారలతో సహా. "ఇంత నున్నగా మేం ఏనాడూ చెయ్యలేదు బాబూ," అని మార్కులు కోసేస్తాడు.

ఈసారి వచ్చింది సొంత బావమరిది కారు. ఉద్యోగం వదులుకుని, ఆరేళ్లు షెడ్డులో పడి దొర్లి దాన్ని నిలబెట్టాడు. మొదటి బహుమతి వస్తే నలుగురూ వాడి షెడ్డు వెతుక్కుంటూ వస్తారు. రాకపోతే షెడ్డు మూతే. ఈ కారు నేను చూడనని ఆయన మొరాయించాడు. "మీ అనుమానం మీద మాకు అనుమానం లేదు," అని పోటీ పెట్టినవాళ్లు నవ్వి ఆయన్నే పంపారు.

బానెట్ ఎత్తాడు. వైర్ల రంగులు, పైపుల బిగింపులు, దేనికీ వంక పెట్టడానికి లేదు. అదే ఆయనకి నచ్చలేదు. టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు. ఇంజను బోల్టు తల మీద పసుపు గీత. బిగించడం అయిందని ఫ్యాక్టరీలో పెట్టే గుర్తు. వెనక్కి వాలి, చివర చిన్న తోక. తన గీతే! గుండె ఉప్పొంగింది. ఆ వెంటనే అనుమానం పీకింది.

బయటికొచ్చి, తలుపు అంచున రేకు మీద కొట్టిన తయారీ నెల, ఏడాది చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏం బావా, నీ చేతిని నువ్వే గుర్తుపట్టలేదా?" అన్నాడు బావమరిది.

"పట్టాను. ఈ గీత ఎక్కడ చూశావురా?"

"ఎక్కడేంటి? మీ ఇంట్లో ఫ్యానుకీ అదే, కుళాయికీ అదే. అక్క కుట్టుమిషన్ని కూడా వదల్లేదు కదా నువ్వు!"

"ఇక్కడ ముందు ఏముంది?"

"ఏదో మొద్దు గీత. ఎవడో చేతకానివాడు పులిమాడు. గీకేసి నీది పెట్టా, చూసి సంతోషిస్తావని."

"ఈ కారు తయారైన నెలంతా నా ఎడమ మణికట్టు విరిగి కట్టులో ఉందిరా. మీ అక్కే అన్నం కలిపి తినిపించింది. ఆ చేతకానివాడు నా బదులు వచ్చినవాడు. ఆ మొద్దు గీతే అసలుది."

బావమరిది మొహం పాలిపోయింది. "ఒక్క గీత, బావా. అదీ నీదే."

"నాదే. అందుకే తప్పు." ఆయన మార్కులు కోసి కాగితం మీద రాసేశాడు. బహుమతి వేరే కారుకి పోయింది.

ఇంటికెళ్లేసరికి కబురు ముందే చేరింది. కుట్టుమిషను బోల్టు మీద పసుపు గీత గీకేసి ఉంది. భార్య తలెత్తకుండా గుడ్డ కుడుతోంది.

"అన్నం అక్కడుంది," అంది. "చెయ్యి బాగానే ఉందిగా, కలుపుకో."