పడవ కింద ముగ్గుపిండి

ముందు అన్నం క్యారేజీ సంగతి రాయి తల్లీ. నా భయం అక్కణ్ణించే మొదలైంది.

మీ తాతయ్య చీకటితోనే పడవ తీసుకుని ఏట్లోకి వెళ్ళేవాడు. నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలిసే వైపు పాయల్లో పీతలకి వల వేసేవాడు. చిన్న చెక్క పడవ, ఒక్క తెరచాప, ఒక్క మనిషి. చుట్టుపక్కల అందరూ ఇంజన్లు పెట్టించుకున్నా ఆయన పెట్టించుకోలేదు. "గాలికి డీజిలు పొయ్యక్కర్లేదు" అనేవాడు. నేను అన్నం, పులుసు సర్ది ఇస్తే మధ్యాహ్నానికి ఖాళీ గిన్నెలు తెచ్చేవాడు. ఆ ఏడు తొలి వానలు పడ్డాక ఒకరోజు క్యారేజీ పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. మర్నాడూ అంతే.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఆకలి కాలా."

ఆకలి కాని మనిషి ఇంటికొచ్చి నిలబడే పళ్ళెం నిండా పెట్టుకుని తింటాడా? తింటుంటే కుడిచెయ్యి వణుకుతోంది. షుగరేమో, గుండెజబ్బేమో అని ఏవేవో అనుకున్నాను. ఆయన నిద్రపోయాక ఎందుకో మనసు లాగి గట్టుకి వెళ్ళాను. పడవలో కాళ్ళ కింద పరిచిన చెక్క ఎత్తి చెయ్యి పెట్టాను. నీళ్ళు! మణికట్టు దాటి మునిగింది చెయ్యి. పక్కనే నీళ్ళు తోడే రేకు డబ్బా, అంచు అరిగి కత్తిలా మెరుస్తోంది. అప్పటికి అర్థమైంది నాకు. ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో డబ్బా. ఇంక అన్నం ఏ చేత్తో తింటాడు?

చెక్క పడవన్నాక కాస్త నీరు ఊరుతుంది. అది మాకు కొత్త కాదు. కానీ చెయ్యి ఆపితే మునిగేంత ఊరితే, ఆ పాయల్లో కేకేసినా పలికేవాడుండడు.

"ఎన్నాళ్ళనించి ఇది?" అని నిద్ర లేపి మరీ అడిగాను.

"ఇట్టా గొడవ చేస్తావనే చెప్పలా."

"నువ్వు మునిగితే నాకెవరు చెప్తారు? పీతలొచ్చి చెప్తాయా?"

నవ్వాడు. నవ్వి, "అమావాస్య పోటుకి పీతలు బాగా పడతాయి. ఈలోపు బాగుచేయిద్దాం. బాగైతే సరే, కాకపోయినా వెళ్తా" అన్నాడు. ఆయన వెళ్తా అంటే వెళ్తాడు. ఇంక నాకు అమావాస్య తప్ప ఇంకేం కనపడలేదు.

పడవని తాటి దుంగల మీద గట్టెక్కించారు. పడవలు కట్టే మేస్త్రి మాకు వరసకి కొడుకవుతాడు. వచ్చి పలకల సందులన్నీ గీకాడు, నార కూరాడు, నూనెలో కరిగించిన గుగ్గిలం పూశాడు. దింపితే సాయంత్రానికి మళ్ళీ అవే నీళ్ళు. మళ్ళీ ఎక్కించడం, మళ్ళీ కూరడం. మీ తాతయ్యేమో వెళ్ళడానికి వలలు సర్దుకోవడం. నేనేమో రోజూ చంద్రుడు ఎంత సన్నబడ్డాడా అని చూసుకోవడం.

చివరికి మేస్త్రి, "పిన్నీ, ఇంట్లో ముగ్గుపిండి ఉందా?" అన్నాడు. పడవ అడుగంతా బయటినించి పొడి ముగ్గు పామాడు. లోపల, వరి మళ్ళకి గట్లు వేసినట్టు, బంకమట్టితో అడ్డంగా చిన్న చిన్న గట్లు వేశాడు. ఒక్కో మడిలో బిందెలతో నీళ్ళు పోస్తే, చిల్లి ఎక్కడుంటే అక్కడ కింద ముగ్గు తడిసి నల్లబడాలి. నేను పడవ కింద చాప వేసుకుని పడుకున్నాను. మెడ పట్టేసినా చూపు తిప్పలేదు.

వెనక మడి పోశాడు. పొడి. మధ్య మడి పోశాడు. పొడి. ఇంక మిగిలింది పడవ ముందు భాగం, కొమ్ము దగ్గరది. పోశాడు. కింద తడి లేదు.

"పిన్నీ, ఏమన్నా కనపడిందా?"

"లేదురా!"

"ఇక్కడ నీళ్ళు దిగిపోతన్నాయే!"

లోపల నీళ్ళు దిగుతున్నాయి, కింద ముగ్గు మాత్రం తెల్లగానే ఉంది. అప్పుడు చూశాను, కొమ్ముకి బాగా దూరంగా, పడవ నడుం దగ్గర, పొడుగునా ఉండే అడుగు దూలం పక్కన ముగ్గు నాణెమంత నల్లబడింది. చూస్తుండగానే అరచేయంత అయింది. అంటే కొమ్ము అతుకులో దిగిన నీరు దూలం పొట్టలోంచి పాక్కుంటూ వచ్చి అక్కడ బయటపడుతోంది.

మీ తాతయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "అది కాదులే, ఇంకోసారి చూడు" అన్నాడు.

ఆ అతుకు సంగతి నీకు తెలియదు. మా పెళ్ళైన కొత్తలో కట్టించిన పడవ అది. అడుగు దూలాన్నీ, ముందు నిలబడే కొమ్ము కర్రనీ కలిపేటప్పుడు చిన్న గుంట తొలిచి, అందులో కాస్త బంగారం పెట్టి బిగించేస్తారు మావాళ్ళు. ఇంక దాన్ని తెరవరు. తెరిస్తే పడవకి ప్రాణం పోయినట్టే అంటారు. మా అత్తగారు నా పుస్తెల తాడులోంచే ఒక బంగారు గుండు తీసి పెట్టించింది. "మిగిలినవి నీ మెళ్ళో ఉంటాయి, ఇది ఏట్లో వాడితో ఉంటది" అంది. ఆయన ఏట్లో ఉన్నప్పుడు గాలి లేస్తే, నేను ఇంట్లో కూర్చుని ఆ గుండునే తలుచుకునేదాన్ని.

ఆటోనగర్‌లో లారీల పని చేసే మీ నాన్నకి ఫోన్ చేశాం. వీడియోలో చూసి, "దానికెందుకమ్మా అంత భయం? లారీ బాడీలకి పూసే ముద్ద పంపిస్తా. పైన రుద్దేయండి, రాయిలా గట్టిపడుద్ది" అన్నాడు.

"అదే చేద్దాం. అతుకు ముట్టుకోవద్దు" అన్నాడు మీ తాతయ్య వెంటనే. నాకూ ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి మాత్రం ఒక పొడుగు మేకు తీసి నా చేతికిచ్చి, "ఇక్కడ నొక్కు పిన్నీ" అన్నాడు. నొక్కాను. సుత్తి అక్కర్లేకుండా, మగ్గిన పండులోకి దిగినట్టు దిగిపోయింది. వేళ్ళకి చల్లగా నీరు తగిలింది. పైన రాయిలాంటి ముద్ద, లోపల ఇది. ఈ కర్ర మీద మనిషి సముద్రం వైపు వెళ్ళడం!

"అతుకు విప్పెయ్యరా" అన్నాను.

"ఏందే, నీకు మతి పోయిందా? అది నీ మెళ్ళోదే!"

"నా మెళ్ళోదే కాబట్టి నేనే చెప్తన్నా."

"ఏమన్నా అయితే?"

"అయ్యేది లోపల అవుతానే ఉందిగా! నువ్వు తోడుకుంటా కూర్చున్నావు."

ఆయన గట్టు దిగి నీళ్ళవైపు తిరిగి నిలబడ్డాడు. వద్దని మాత్రం అనలేదు. మేస్త్రి ఒక్కో చీల కొట్టి ఊడదీస్తుంటే ఆ దెబ్బలు నా గుండెల్లో పడ్డాయి. పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. అతుకు విడింది. గుంట చుట్టూ కర్ర నల్లగా, పేడలా మెత్తబడిపోయి ఉంది. కాపాడాలని తొలిచిన గుంటలోనే నీరు నిలిచి కుళ్ళబెట్టింది. మధ్యలో గుండు మాత్రం నిన్న పెట్టినట్టుంది.

కుళ్ళినంత మేర కోసేసి, కొత్త తుమ్మ ముక్క చెక్కి తెచ్చాక మేస్త్రి ఆగాడు. "బంగారం ఏం పెట్టమంటావు పిన్నీ?"

మీ తాతయ్య నావైపు చూశాడు.

"ఏమీ పెట్టొద్దు. గుంటే తొలవొద్దు."

అతుక్కి పసుపు రాసి, నార కూరి, గుగ్గిలం పోసి బిగించాడు. మళ్ళీ ముగ్గు పామి, మళ్ళీ నీళ్ళు పోశాం. పొద్దుగూకేదాకా పడవ కిందే పడుకున్నాను. ముగ్గు తెల్లగానే ఉంది. ఆయనే గుండుని నా తాడులో గుచ్చి ముడేశాడు.

అమావాస్యనాడు వెళ్ళాడు. ఆ పూట నేను పొయ్యి వెలిగించి ఆర్పాను, ఆర్పి వెలిగించాను. పసుపు రాసినా బంగారం లేని పడవ కదా అది! మధ్యాహ్నం దాటింది, గాలి మారింది, పాయలో తెరచాప లేదు. నా వేళ్ళు గుండుని తిప్పీ తిప్పీ తాడు మెలిపడిపోయింది. ఎప్పటికో మలుపు దగ్గర మాసిన గుడ్డ ముక్క కనపడింది.

దిగీ దిగగానే క్యారేజీ లాక్కుని ఊపాను. ఖాళీ. అయినా నమ్మలేదు. అన్నం ఏట్లో పారబోసి ఉండొచ్చుగా? పడవెక్కి చెక్క ఎత్తి అడుగు తడిమాను. చెయ్యి పొడిగానే పైకొచ్చింది.

"గుండు మెళ్ళోకొచ్చింది, పడవ ఆరిపోయింది. ఇంకా ఏందే నీ వెతుకులాట?" అన్నాడు పీతల బుట్ట దింపుతూ.

"రేపో?" అన్నాను.