గిడియోన్ సారు, ఒంటికొమ్ము మేకపోతు

గిడియోన్ సారు ఏ మాటనూ ఒక్క నోట విని నమ్మిన మనిషి కాదు. "పాఠాంతరం ఉందా? ఇదే మాట ఇంకొకరు ఇంకోలా చెప్పారా?" అని అడగనిదే ఆయనకు ముద్ద దిగదు. ఇది అతిశయోక్తి కాదు. కూరలో ఉప్పు తక్కువైందని భార్య సుసన్నా అంటే, ఆ కూరను గిన్నెలో వేసుకొని పక్కింటికి వెళ్లి, వారికి రుచి చూపించి, రెండు అభిప్రాయాలనూ పోల్చి చూసుకొని, అప్పుడు గాని ఉప్పు డబ్బా మూత తీయనిచ్చేవారు కారు.

"పక్కింటోళ్లకు గిన్నెడు కూర పాయె, మనకు సల్లారిన అన్నం మిగిలె" అని సుసన్నా మొత్తుకునేది.

గోదావరిఖని చౌరస్తాలో బండ్లు ఆగిపోయాయని షేర్ ఆటో డ్రైవరు చెబితే, ఎదురుగా వచ్చే ఆటోను ఆపి అతణ్ణీ అడిగేవారు. ఆయన అలా ఆపడం వల్లనే వెనుక బండ్లన్నీ ఆగిపోయేవి. "చూసినవా, ఇప్పుడు ఇద్దరి మాటా ఒక్కటైంది" అని సంతృప్తిగా సీటులో వెనక్కి వాలేవారు.

ఇదంతా ఆయనకు పాత కావ్యాల నుంచి అంటుకున్న అలవాటు. హైస్కూల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినా, తాళపత్రాల నకళ్లను ముందేసుకొని కూర్చోవడం మాత్రం మానలేదు. ఆ విద్య సంగతి రెండు మాటల్లో చెప్పుకోవాలి. పూర్వం ఒక కావ్యాన్ని ఒకరు చూసి రాస్తే, ఆ రాసినదాన్ని ఇంకొకరు చూసి రాసేవారు. మొదటివాడు కునికిపాటులో ఒక పొరపాటు చేస్తే, తరువాతి వారందరూ దానిని భక్తితో దించుకునేవారు. అందుకే, పది ప్రతుల్లో ఒకే తప్పు కనిపించిందంటే ఆ పదీ ఒకే తల్లి పిల్లలని పండితులు పోల్చుకుంటారు. అలా వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, ఎప్పుడో గతించిన కవి అసలు ఏమన్నాడో వింటారు. ఆనాటి వాళ్లు ఏమి తిన్నారో, ఏమి కట్టుకున్నారో, దేనికి నవ్వుకున్నారో తెలుసుకుంటారు. ఎంత చక్కని విద్య! ఇప్పుడు దానికి పిల్లలెవరూ రారు. సరే, మేకపోతు దగ్గరికి వద్దాం.

ఆ ఏడు పోచమ్మ బోనాలకు కాలనీ వాళ్లు చందాలు వేసుకొని కమాన్‌పూర్ నుంచి తెల్లటి మేకపోతును తెచ్చి, పండుగ దాకా సాకమని పోశానికి అప్పగించారు. పోశం బాయిలో దిగి బొగ్గు తవ్వి రిటైరైన మనిషి. కుక్కల భయానికి దాన్ని పెరట్లో పాత బొగ్గుల కొట్టంలో కట్టి, ముందు తలుపుకు తాళం వేశాడు. కొట్టానికి వెనుక ఉన్నది సగం గోడే. ఆ వైపున కిటికీ ఉన్నది ఒక్క రాజకుమారి వంటింటికి మాత్రమే.

రాజకుమారి ఒకప్పుడు గిడియోన్ సారు శిష్యురాలు. ఒకనాటి పొద్దున పాలు కాస్తూ కిటికీలోంచి చూసి, నల్లా దగ్గర పక్కింటి యమునతో ఒకే ఒక్క మాట అన్నది.

"పోశం కాక కొట్టంల ఒంటికొమ్ము నల్ల మేకపోతున్నదే! మన తెల్లది ఏడికి పాయె?"

ఆమె అన్నది ప్రశ్న. యమున గడప దాటేసరికి అది అనుమానమైంది. చాయ్ హోటలు చేరేసరికి, పోశం తెల్లదాన్ని అమ్ముకొని ఒంటికొమ్ము ముసలిదాన్ని పోచమ్మ తల్లికి అంటగట్టబోతున్నాడనే మహాప్రబంధమైంది. వర్ణనలకు కొదవ లేదు. అమ్మింది సంతలో అని ఒకరు, దాబాకు అని ఇంకొకరు, రుచి కూడా చూశామని మూడవవారు.

పోశానికి పౌరుషం ముంచుకొచ్చింది. "నా మాట మీద నమ్మకం లేనోళ్లకు మేకను ఏం సూపాలె? రెండు కొమ్ములున్నయి, పోండ్రి!" అని తలుపు వేసుకున్నాడు. గోలేటిలో ఉన్న బిడ్డ ఇంటికి పోతానని సంచి కూడా సర్దుకున్నాడు. పండుగ పెద్ద నర్సింగం శనివారం పంచాయతీ పెట్టాడు. పోశం తప్పు ఒప్పుకోవాలె, లేకుంటే బోనాలకు రావద్దు.

రాజకుమారికి అన్నం సయించలేదు. ఆమెకు జ్వరమొస్తే పోశం కాక ఆటో పిలిచి దవాఖానకు తోలుకపోయిన మనిషి. ఇప్పుడు "అన్నది నేనే" అని బయటపడదామంటే, కాలనీ అంతా ఆమె మీదికి మళ్లుతుంది. ఆ పైన పిడుగులాంటి వార్త: గిడియోన్ సారు ఇల్లిల్లూ తిరుగుతున్నారు!

గోడ అవతల యమునను ఆయన ప్రశ్నించడం ఆమె చెవిన పడింది.

"నీకు ఎవరు చెప్పిన్రమ్మా?"

"అందరు చెప్తున్నరు సార్."

"ఆ అందరు అనేటాయన ఏ క్వార్టర్ల ఉంటడు?"

"ఏమో సార్, నల్లా కాడ నలుగురుంటిమి. ఎవలన్నరో యాదికి లేదు."

"పోనీ, కొమ్ములెన్ని?"

"ఒక్కటే సార్! అందులో మాత్రం ఫరక్ లేదు."

"అవును, అందులో ఎవ్వరికీ ఫరక్ లేదు" అని సారు గొణుక్కున్నారు. ఆ గొణుగుడు వినగానే రాజకుమారికి పాత పాఠం గుర్తుకొచ్చింది. అందరిలో ఒకే తప్పు ఉంటే, తల్లి ఒక్కటే!

అంతలోనే ఆయన ఆమె గుమ్మంలో నిలబడ్డారు. "జర మంచినీళ్లియ్యమ్మా."

వంటింట్లో నిలబడి నీళ్లు తాగుతూ కిటికీలోంచి చూశారు. కొట్టంలో మేకపోతు నెమరు వేస్తున్నది. కొట్టం గుంజ అడ్డమై ఒక్క కొమ్మే కనిపిస్తున్నది. ఆయన ఎడమకు వంగారు. ఒక్కటే. కుడికి వంగారు. ఒక్కటే. చివరికి కిటికీలోంచి మెడ బయటికి పెట్టి సాగదీస్తే, గుంజ చాటు నుంచి రెండవ కొమ్ము మెల్లగా బయటికి వచ్చింది.

రాజకుమారి చేతిలో మూత కింద పడింది. సారు వెనుదిరిగి ఆమెను చూశారు. కాలనీలో అందరినీ అడిగిన ప్రశ్న ఇప్పుడు వస్తుందని ఆమె కళ్లు మూసుకున్నది.

"నీళ్లు సల్లగున్నయమ్మా" అని చెంబు అక్కడ పెట్టి ఆయన వెళ్లిపోయారు.

శనివారం పంచాయతీకి కాలనీ అంతా వచ్చింది. సారు స్వయంగా వెళ్లి తలుపు తట్టి, పోశాన్ని బతిమిలాడి, మేకపోతుతో సహా తీసుకొచ్చారు. కొమ్ములు రెండున్నాయి, నిజమే. కాని ఒళ్లంతా కారు నలుపు.

"కొమ్ములు రెండైతే ఏంది? ఇది నల్లదే గద!" అన్నాడు నర్సింగం.

"వేడినీళ్లు, బట్టల సబ్బు తెప్పియ్యి" అన్నారు సారు.

"ఇది మీ పద్యం కాదు సార్, మేకపోతు."

"పద్యానికి పట్టినా మేకపోతుకు పట్టినా మసి మసే, నర్సింగం. తర్వాతి వాళ్లు పూసింది కడిగితే మూలపాఠం బయటపడ్తది. దీన్నే పరిష్కరణ అంటరు."

పోశం రుద్దాడు. మేకపోతు ఒక్కసారి విదిలించుకునేసరికి ముందు వరుసలోని తెల్ల చొక్కాలన్నీ నల్లబడ్డాయి, మేకపోతు తెల్లబడింది.

"బొగ్గుల మీద పండుకుంటే నల్లగ గాక ఎర్రగైతదా? పండుగ నాడు ఎట్లనూ కడుగుదమనుకున్న" అన్నాడు పోశం, దానిలో వింతేముందో తెలియక.

సారు యమున వైపు తిరిగారు. "మీ ఆయన షిఫ్టు దిగి మసి మొఖంతోని ఇంటికొస్తే, వేరేటోడు వచ్చిండని నల్లా కాడ చెప్పుకుంటవా అమ్మా?"

నవ్వులతో పంచాయతీ ఎగిరిపోయింది. నర్సింగం లేచి పోశం చేయి పట్టుకున్నాడు. "తప్పైంది బావా. రేపు మేకపోతును నువ్వే తోలుకొచ్చి ముందట నడువాలె." అంతటితో ఊరుకోక సారును నిలదీశాడు. "మరి ఈ మాట పుట్టిచ్చినోళ్లు ఎవలు సార్? మీరు మూలం దాక పోకుంట ఇడ్వరు గద! పేరు చెప్పుండ్రి."

రాజకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

గిడియోన్ సారు కళ్లజోడు తీసి, చాలాసేపు తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "ఎంత వెతికినా మొదటి ఆకు దొరకలేదు నర్సింగం. చెదలు తిన్నట్టున్నయి."

జనం నోళ్లు తెరిచారు. కూరలో ఉప్పుకు కూడా మూలం తేల్చిన మనిషి! అందరికంటే పెద్దగా నోరు తెరిచింది సుసన్నా.

మరునాడు బోనం ఎత్తుకునే ముందు రాజకుమారి పోశం దగ్గరికి వెళ్లి, "కాకా, ఒంటికొమ్మన్నది నేనే" అని ఏడ్చింది. పోశం ఆమె నెత్తి మీద చేయి పెట్టి, "గందుకేనా? నీ కిటికి ముందట గుంజ నాటింది నేనే గద బిడ్డా! పా, ఆలస్యమైతాంది" అన్నాడు.

సాయంత్రం ఆమె గిన్నెలో బెల్లం అన్నం పెట్టుకొని సారు ఇంటికి వెళ్లింది. "సార్, ఆనాడు కిటికీల నుంచి..." అని మొదలుపెట్టగానే ఆయన ఆశ్చర్యంగా చూశారు.

"ఏ కిటికి?"

ఆమె గిన్నెను ఆయన ముందు పెట్టింది. సారు ఒక ముద్ద నోట్లో వేసుకున్నారు.

"తీపి సరిపోయిందా సార్?"

"ఒక్క ముద్దతోని ఎట్ల చెప్తనమ్మా?" అంటూ ఆయన గిన్నెను తన వైపు లాక్కొని, వంటింటి వైపు కేకేశారు. "సుసన్నా! పక్కింటికి పంపకు. ఈసారి పాఠాంతరాలన్నీ నేనే చూసుకుంట!"