చెన్నయ్య డప్పు కొడితే నీళ్లొచ్చేవి

అటు గద్వాలకూ ఇటు వనపర్తికీ నడుమ ఉన్న ఆ ఊళ్లో డిగ్రీ కాలేజీ ఉంది, ఆడపిల్లల హాస్టలుంది, మేజరు పంచాయతీ ఆఫీసుంది. పంచాయతీ ఏం చేస్తోందో జనానికి తెలిసేది మాత్రం చెన్నయ్య డప్పు వల్లనే. ఇంటిపన్ను గడువైనా, పోలియో చుక్కలైనా, గ్రామసభ అయినా, ముందు ఆయన డప్పు మోగాలి. ఆ తర్వాతే అది వార్త. పేపర్లో పడ్డా సరే, "చెన్నయ్య సాటిండా?" అని అడిగేవాళ్లు. ఆఫీసు గోడకంటించిన నోటీసుల్ని మేకలు తిన్నాయి గాని మనుషులు చదివిన పాపాన పోలేదు.

అది తండ్రి రాములు నుంచి వచ్చిన పని. రాములు నేర్పిన పద్ధతొకటుంది. మూడు దెబ్బలు కొట్టి ఆగాలి. ఎవరి మాటో చెప్పాలి. ఏం మాటో చెప్పాలి. మళ్లీ మూడు దెబ్బలు కొట్టి ముందుకు నడవాలి. "డప్పు పిలుస్తదంతె బిడ్డా, చెప్పేది నోరు. నోరు మర్వకు" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు, అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. "సావు దరువు పీనుగ లేంది కొట్టకు. నేర్సుకునేటందుకు సుత కొట్టకు. పిలిస్తె వస్తది."

రెండో మాట చెన్నయ్య ఎన్నడూ మరవలేదు. మరిచింది మొదటిదే.

కరువొచ్చిన ఏళ్లవి. రెండువేల రెండు, మూడు. నల్లా ఐదు రోజులకోసారి వచ్చేది, అదీ ఏ వేళకొస్తుందో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు బిందెలు వరసపెట్టుకుని తెల్లవార్లూ కాపలా కాసేవాళ్లు, జుట్లు పట్టుకునేవాళ్లు. విసిగిపోయిన సర్పంచి ఒక ఏర్పాటు చేశాడు. వాల్వులు తిప్పే నబీ సాబ్ నీళ్లు వదిలే ముందు చెన్నయ్యకు చెప్పాలి, చెన్నయ్య చాటాలి. "పంచాయతీ మాట! ఇయ్యాల కుమ్మరిగేరికి నీళ్లు, రేపు పాతబజారుకు" అని మొదట్లో గొంతు చించుకుని చాటాడు. వినేదెవరు? మొదటి దెబ్బ పడీపడకముందే బిందె చంకనెత్తుకుని పరుగే పరుగు. ఎన్నాళ్లని వాళ్ల వీపులకు చెబుతాడు?

ఒకనాడు జలుబుతో గొంతు పూడుకుపోయింది. ఉత్త డప్పే కొట్టుకుంటూ ఊరంతా తిరిగొచ్చాడు. ఎవరికీ ఏ లోటూ జరగలేదు, ఎవరి బిందెలు వాళ్లు నింపుకున్నారు. ఆ తర్వాత గొంతు బాగైనా మాట మళ్లీ రాలేదు.

"నోరు పడిపాయెనా చెన్నన్నా?" అని కాలేజీ రోడ్డు సావిత్రమ్మ ఎగతాళి చేసేది.

"నోరెందుకు సావిత్రమ్మా? నీ కాళ్లకే ఇనపడుతుంది కద!"

నవ్వుకునేవాళ్లు. నవ్వులో నవ్వుగా ఐదేళ్లు గడిచాయి. డప్పంటే నీళ్లు, అంతే.

చెన్నయ్య ఇల్లు ఊరికి దిగువన, వాగు పక్క వాడలో. ఇద్దరు కూతుళ్లకూ పెళ్లిళ్లయ్యాయి, ఒకరు అయిజలో, ఒకరు తెలకపల్లిలో. ఇంట్లో మిగిలింది తనూ, భార్య జోగులమ్మా. పల్లం కాబట్టి నబీ సాబ్ వాల్వు తిప్పితే నీళ్లు ముందు ఆ వాడకే వచ్చేవి. జోగులమ్మకొక అలవాటుంది. నల్లా రాగానే బిందె పెట్టదు. ముందు చెంబు పట్టి, నిలబడే గటగటా తాగేస్తుంది. కరువులో రెండు మైళ్లు నడిచి పొలాల బావుల్లో నీళ్లు చేదుకొచ్చిన మనిషి. "ఒక్క చెంబు కడుపుల పడ్డంకనే నాకు నమ్మకమయ్యా" అనేది. "ఊరందరికన్న ముందు తాగేది సర్పంచి పెండ్లాం అనుకున్నవా? డప్పు చెన్నయ్య పెండ్లాం!" అని గర్వంగా మూతి తుడుచుకునేది. ఆ మాటకు చెన్నయ్య పైకి కసురుకునేవాడు గాని, లోపల మురిసిపోయేవాడు.

రెండువేల ఏడు వానాకాలంలో బస్టాండు నుంచి కాలేజీ దాకా సిమెంటు రోడ్డు, రెండు పక్కలా మోరీలు శాంక్షనయ్యాయి. కొబ్బరికాయలు కొట్టారు, ఫొటోలు దిగారు. ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారని తేదీ కూడా పెట్టేశారు. తేదీ ముందు వచ్చి పని వెనక నడిస్తే ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది ఆ పని. హాస్టలు ముందు మోరీ తవ్వుతుంటే పొక్లెయిను పన్ను తగిలి పాత నీళ్ల పైపు పగిలింది. కాంట్రాక్టరు మనుషులు దానికి సైకిల్ ట్యూబులు చుట్టి, గోనెపట్టా కట్టి, పైన సిమెంటు పోసి పూడ్చేశారు. హాస్టలు మురికినీళ్లన్నీ పారేది ఆ మోరీలోకే.

నబీ సాబ్ పైపు గుణం చెవితో పట్టే మనిషి. వాల్వు రాడ్డు ఒక కొస పైపు మీద ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుంటాడు. ఆ రోజు చాలాసేపు విన్నాడు. తర్వాత పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న చెన్నయ్య దగ్గరికి వచ్చాడు.

"నీళ్లు నడిస్తె సర్రుమనాలె భయ్. ఇది గుటకలు మింగుతుంది. బయటి నీళ్లు లోపలికి గుంజుతుంది. జర పరేషాన్‌గున్నది."

"పంచాయతీ ఈఓ సారుకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఓపెనింగు అయినంక సూద్దాం అన్నడు."

ఆఫీసు చెప్పమన్నది చెప్పడమే చెన్నయ్య పని, చెప్పమననిది చెప్పడం ఎప్పుడూ లేదు. అయినా ఆ గుటకల మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ రాత్రి అన్నం ముందు నీళ్ల చెంబును దీపం వెలుగుకు పెట్టి చూశాడు. తేటగానే ఉన్నాయి. జోగులమ్మ నవ్వింది.

నాలుగు రోజులకు హాస్టల్లో ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తిన్నదేదో పడలేదన్నారు. మర్నాటికి పదిహేను మందయ్యారు. కుమ్మరిగేరిలో ఒక ముసలాయన్ను మంచంతో సహా దవాఖానకు మోసుకుపోయారు. నల్లా నీళ్లు వాసనొస్తున్నాయని ఒకరంటే, వానాకాలం అంతేలే అని ఇంకొకరు. మంత్రిగారి రాక మాత్రం మూడు రోజుల్లోకి వచ్చింది.

మర్నాడు పొద్దు పొడవకముందే ఈఓ సారు చెన్నయ్యనూ నబీ సాబ్‌నూ ఆఫీసుకు పిలిపించాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నబీ సాబ్, లైనంత కడగాలె. ట్యాంకి నీళ్లు ఒక్కపారి అన్ని వాడలకు ఇడువు, పైపులల్ల ఉన్న మురికంత బయటపడాలె. చెన్నయ్యా, నువ్వు సాటు. ఇయ్యాల నల్లా నీళ్లు ఎవ్వరు పట్టొద్దు, తాగొద్దు."

"ముందు ఆయనను సాటి రానియ్యుండ్రి సార్" అన్నాడు నబీ సాబ్. "రెండు గంటలాగి ఇడుస్త."

"టైమెక్కడిది? తొమ్మిదింటికి పైపు అతికేటోళ్లొస్తరు. రెండు ఒక్కపారే కానియ్యుండ్రి. హాస్టలు కాడికెల్లి మొదలువెట్టు చెన్నయ్యా."

చెన్నయ్య గడ్డిమంట మీద డప్పు కాచుకుని, హాస్టలు ముందు నిలబడి మూడు దెబ్బలు కొట్టాడు.

మూడో దెబ్బకే రోడ్డు పొడవునా తలుపులు తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, గంగాళాలు బయటికొచ్చాయి. "పంచాయతీ మాట!" అని ఆయన నోరు తెరిచేసరికి నల్లాలు బుసకొట్టడం మొదలైంది. ముందు నల్లటి నీళ్లు పడ్డాయి. ఆడవాళ్లు మొహం చిట్లించి, కాస్త వదిలేశారు. నిమిషంలో తేటపడ్డాయి. బిందెలు పెట్టేశారు.

"పట్టొద్దు! పట్టొద్దమ్మా!" అని చెన్నయ్య అరిచాడు.

"ఏంది, మా వంతు కాదా ఇయ్యాల?" అంది సావిత్రమ్మ, బిందె తియ్యకుండానే.

"అవి మురికి నీళ్లు! తాగితె రోగమొస్తది!"

సావిత్రమ్మకూ, చుట్టూ ఉన్న నలుగురికీ అర్థమైంది. కానీ పక్క గల్లీలో అప్పటికే బిందెల చప్పుడు వినిపిస్తోంది. దాని అవతలి గల్లీలో కూడా. డప్పు పోయినంత దూరం మాట పోలేదు. ఐదేళ్లు తనే నేర్పించాడు జనానికి, మాట అక్కర్లేదని. అప్పుడే గుర్తొచ్చింది చెన్నయ్యకు, నీళ్లు ముందు వచ్చేది పల్లానికి. మొదటి చెంబు జోగులమ్మది.

డప్పు సావిత్రమ్మ అరుగు మీద పడేసి పక్క గల్లీలోకి ఉరికాడు. "నీళ్లు పట్టొద్దని పంచాయతీ మాట!" అని ఇంటింటికీ అరిచాడు. ఒకాయన పళ్లపుల్ల నోట్లోంచి తీసి, "డప్పేది?" అన్నాడు. "డప్పు లేంది సాటింపేంది? పొద్దుగాల్నే తాగినవా చెన్నయ్యా?" జనం నవ్వారు. బిందెలు నిండుతూనే ఉన్నాయి. డప్పు కొడితే నీళ్లు పడతారు, కొట్టకపోతే మాట నమ్మరు.

ఇంటికి ఉరికితే పావుగంట. ఆ పావుగంటలో ఈ ఊరంతా తాగేస్తుంది. ఇంటి నుంచి తన డప్పు ఎప్పుడూ వినపడుతుందని జోగులమ్మే అనేది. వినపడాలి.

వెనక్కి వెళ్లి డప్పు తగిలించుకున్నాడు. తండ్రి మాట చెవిలో ఉంది. పీనుగ లేదు, పాడె లేదు, ఏడ్చే వాళ్లు లేరు. కళ్లు మూసుకుని చావు దరువు ఎత్తుకున్నాడు.

ఆ ఊళ్లో ఆ దరువు వినపడితే పట్టిన నీళ్లు ఇంట్లో ఉంచరు, పారబోస్తారు. పొయ్యి ముట్టించరు. ఎందుకని ఎవరూ అడగరు, తరతరాలుగా అంతే. నవ్వుతున్న గల్లీ ఒక్కసారిగా చల్లబడింది. బిందెలు ఒంపిన చప్పుడు ఆ చివర నుంచి ఈ చివర దాకా వచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వాకిళ్లలోకొచ్చారు.

"ఎవలు? ఎవలు పోయిన్రు?"

చెన్నయ్య దరువు ఆపాడు. "పంచాయతీ మాట! ఇంకా ఎవ్వలు పోలే. ఈ నల్లా నీళ్లు తాగినోళ్లు పోతరు!"

ఈసారి ప్రతి మాటా విన్నారు. పాతబజారు, కుమ్మరిగేరి, మసీదు గల్లీ, అన్నీ అట్లాగే తిరిగాడు. దరువు కొట్టడం, ఆగడం, ఎవరి మాటో చెప్పడం, ఏం మాటో చెప్పడం. పీనుగ లేని దరువు ముందు నడుస్తుంటే పిల్లలు కూడా వెంటపడలేదు. ట్యాంకు దగ్గరున్న నబీ సాబ్ ఆ చప్పుడు విని వాల్వు కట్టేసి, "యా అల్లా, ఎవరు?" అంటూ ఉరికొచ్చాడు. అప్పటికి చెన్నయ్య గొంతు పూర్తిగా పోయింది.

తన వాడకు చేరేసరికి ఎండ ఎక్కింది. గుమ్మంలో రెండు బిందెలు బోర్లించి ఉన్నాయి. వాటిని చూడగానే ఆయన ప్రాణం లేచి వచ్చింది. డప్పు దించి, అక్కడే కూలబడ్డాడు.

"ఎవలు పోయిన్రయ్యా?" అని జోగులమ్మ బయటికొచ్చింది. "నీ దరువు ఇనంగనే రెండు బిందెలు పారబోసిన. ఎవలో తెల్వక పాణం కొట్టుకుంటుంది."

ఎవరూ పోలేదని చెయ్యి ఊపాడు. నీళ్ల సంగతి బొంగురు గొంతుతో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చెప్తుంటే ఆయన చూపు నల్లా పక్కనున్న గట్టు మీద పడింది. అక్కడ చెంబు ఉంది గాని, బోర్లించి లేదు.

"చెంబు?" అన్నాడు.

జోగులమ్మ చెంబు వంక చూసింది.

"నీ మొదటి డప్పుకే పట్టిన. జర వాసనొచ్చినయి, గని తాగిన." కొంగుతో నెమ్మదిగా మూతి తుడుచుకుంది, అప్పుడే తాగినట్లు. "బిందెలైతె పారబోసిన. తాగిన నీళ్లు ఎట్ల పారబోస్తనయ్యా?"

మధ్యాహ్నానికి జోగులమ్మకూ వాంతులు మొదలయ్యాయి. సాయంత్రం నబీ సాబే ఆటో తెచ్చి దవాఖానలో చేర్చాడు. హాస్టలు పిల్లలు ఒక్కొక్కరే తేరుకుని లేచి కూర్చుంటున్నారు. ఈఓ సారు వచ్చి, "నీ డప్పు వల్ల ఎంతమంది బతికిన్రో చెన్నయ్యా" అని భుజం తట్టాడు. చెన్నయ్య ఆయన మొహం వంక చూడలేదు. సెలైను చుక్కలనే చూస్తూ కూర్చున్నాడు, రెండు రోజులు. మూడో రోజు తెల్లవారుతుండగా జోగులమ్మ పోయింది. ఆ నీళ్లకు ఆ ఊళ్లో ఇంకెవరూ పోలేదు.

కూతుళ్లు వచ్చారు. ఇటిక్యాల నుంచి నలుగురు బంధువులు డప్పులతో వచ్చి, వాకిట్లో గడ్డిమంట వేసి కాచుకోవడం మొదలుపెట్టారు. చెన్నయ్య లేచి, కాలితో ఆ మంటను ఆర్పేశాడు.

"వద్దు బిడ్డా" అన్నాడు. "ఆమె దరువు మొన్ననే కొట్టిన."

పాడె చప్పుడు లేకుండా కదిలింది. కొత్త సిమెంటు రోడ్డు మీదుగా పోతుంటే, సావిత్రమ్మ వాకిట్లోకొచ్చి, ట్యాంకరు దగ్గర గంటసేపు నిలబడి తెచ్చుకున్న బిందెడు నీళ్లు మోరీలోకి ఒంపింది. ఆమెను చూసి పక్కింటామె ఒంపింది. డప్పు వినకుండానే ఆ రోడ్డంతా ఒంపింది.