పడమటి దిక్కుకి ఉద్వాసన

లైబ్రరీ కార్డు ఒకటి చేతిలో ఉంటే ఎవరి దగ్గరా శిష్యరికం చేయనక్కర్లేదని గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడు మేము ట్రాయ్‌లో ఉండేవాళ్లం, నాకు పదహారేళ్లు. తోటిపిల్లలు మాల్‌కి వెళ్తుంటే నేను లైబ్రరీలో ఒక అర పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదివేసేదాన్ని. అలా నక్షత్రాలయ్యాయి, తేనెటీగలయ్యాయి, ఆ పక్క అరలో విక్కా తగిలింది. విక్కా అంటే చంద్రుణ్ణీ ఋతువులనీ నాలుగు దిక్కులనీ కొలిచే ఒక మతం. దాన్ని పాటించేవాళ్లలో చాలామంది తాము మంత్రగత్తెలమని ఏ మొహమాటమూ లేకుండా చెప్పుకుంటారు. (అమ్మ ముందు ఆ మాట అనే ధైర్యం నాకెక్కడిది? పుస్తకాలకి కెమిస్ట్రీ అట్టలు తొడిగేదాన్ని.) చిక్కేమిటంటే, అక్కడున్నవన్నీ ఒకటో తరగతి పుస్తకాలే. ఏది తెరిచినా ఉప్పుతో వలయం గీయమనీ, దిక్కుకో కొవ్వొత్తి పెట్టమనీ, దిక్కుల్ని వరసగా పిలవమనీ, పనయ్యాక మర్యాదగా సాగనంపమనీ చెబుతుంది. రెండో తరగతి ఎక్కడుందో ఎవరూ చెప్పరు. చివరి పేజీలో మాత్రం అందరిదీ ఒకటే మాట: ఇక ముందుకు వెళ్లాలంటే అనుభవమున్న గురువుని వెతుక్కో. ఇన్ని చదివినదానికి మళ్లీ గురువెందుకని నాకు ఒళ్లు మండేది.

చలి ఇంకా పూర్తిగా వదలని ఒక మధ్యాహ్నం, అమ్మానాన్నలు ఆఫీసుల్లో, ఆరు నెలలు ఉండిపోదామని ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ కింద బేస్‌మెంట్ గదిలో నిద్రలో ఉండగా, ఖాళీగా ఉన్న గరాజ్‌లో ఉప్పు వలయం గీశాను. తూర్పున గాలిని పిలిచాను. దక్షిణాన నిప్పుని పిలిచాను. పడమర తిరిగి, రెండు చేతులూ చాచి నీటిని పిలిచానో లేదో, గరగరమంటూ గరాజ్ తలుపు పైకి లేవడం మొదలైంది. అమ్మ! మీటింగ్ క్యాన్సిల్ అయిందట. కొవ్వొత్తుల్ని స్వెటర్‌లో దోపుకుని గోడకి అంటుకుపోయాను. కారు నా వలయం మీదుగా వచ్చి సరిగ్గా నడిమధ్యన ఆగింది. అమ్మ దిగి నేల వంక చూసింది.

"ఐస్ కరగడానికి సాల్ట్ వేశావా! మీ డాడీకి చెప్పీ చెప్పీ నా నోరు పోయింది. నా బంగారుతల్లివే," అంటూ నా బుగ్గ గిల్లి లోపలికి వెళ్లిపోయింది.

బతికిపోయానన్న సంతోషం భోజనాల వేళ దాకా కూడా నిలవలేదు. సాగనంపకుండా వలయం తెగితే ఏమవుతుంది? ఏ పుస్తకంలోనూ లేదు. తలుపు తెరుచుకోగానే గాలి దాని దారిన అది పోయి ఉంటుందని, కొవ్వొత్తితోపాటు నిప్పు ఆరిపోయిందని లెక్క వేసుకున్నాను. మరి నీరు? నీరు ఇంట్లోనే ఉండిపోయింది! ఆ వారమే మంచు కరిగి వానలు పట్టుకున్నాయి. "చిట్టీ, నా మంచం వెనకాల గోడలో ఎవరో పుక్కిలిస్తున్నట్టుందే," అంది అమ్మమ్మ కాఫీ తాగుతూ. మర్నాటికి ఆ గోడ కింద చెమ్మ దిగింది. ఆ గది చల్లగా, ప్రశాంతంగా ఉంటుందని తనే కోరి తీసుకుంది. నేను పిలిచినదేదో ఏ పాపమూ ఎరగని అమ్మమ్మ తలాపున చేరిందన్న ఆలోచనకి నాకు అన్నం సయించలేదు. "పైకి వచ్చి నా రూమ్‌లో పడుకో అమ్మమ్మా," అని బతిమాలాను. "నీ గురక నేను పడలేను పో," అంది.

లైబ్రరీ మొత్తం మళ్లీ గాలించాను. లాభం లేక, అక్కడి నోటీసు బోర్డులో ఎప్పుడో చూసిన కొవ్వొత్తుల దుకాణానికి ఫోన్ చేశాను. అది నడిపే ఆవిడ విక్కా నేర్పుతుందట. పదహారేళ్లని చెప్పగానే, "పద్దెనిమిది నిండకుండా ఎవరికీ నేర్పను. మాట్లాడాలంటే మీ ఇంట్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని రా," అంది. అమ్మని తీసుకెళ్లడమంటే కాలేజీకి వెళ్లేదాకా గృహనిర్బంధమే. అందుకని, కొత్తగా వచ్చిన లైసెన్స్‌తో అమ్మ కారు అడిగి, అమ్మమ్మని ఎక్కించాను, మూలికలమ్మే షాపుకని చెప్పి.

దుకాణావిడ పొడుగ్గా, తెల్లటి జడతో మా డెంటిస్ట్ రిసెప్షనిస్ట్‌లా ఉంది. (నేను నల్లపిల్లినీ పొగనీ ఊహించుకున్నాను.) అమ్మమ్మ సాంబ్రాణి వాసనకి మెచ్చుకోలుగా తలాడించి, గోడకి వేలాడదీసిన చీపురు చూసి, "ఎదురుగా చీపురు పెట్టుకుంటారుటే ఎవరైనా?" అని గొణిగింది. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, "ఎందుకొచ్చావో మీ అమ్మమ్మకి తెలుసా?" అని నన్నడిగింది. తెలుసన్నాను. నా ముఖం తెలియదని చెప్పినట్టుంది. "ముందు ఆవిడకి చెప్పు. తర్వాత నాకు," అంది.

కళ్లలోకి చూడలేక, అమ్మమ్మ చెప్పుల వంక చూస్తూ చెప్పాను. మంత్రగత్తెలు, ఉప్పు, గరాజ్, కారు, గోడలో పుక్కిలింత, అన్నీ. భూతవైద్యుణ్ణి పిలిపిస్తుందా, అమ్మకి ఫోన్ చేస్తుందా, ఇక్కడే ఏడుస్తుందా? తలెత్తాను.

"పిలిచి, ఉద్వాసన చెప్పకుండా వదిలేశావా?" అంది అమ్మమ్మ, నిజంగా కోపంగా. "పడమర అంటే వరుణుడు కదే! ఆయన్ని రమ్మని పిలిచి మీద నుంచి కారు పోనిస్తారుటే? ఈ వానలన్నీ నీ పుణ్యమేనన్నమాట!"

అసలే భయంతో చస్తున్న నాకు ఇప్పుడు సాక్షాత్తూ దిక్పాలకుడు తోడయ్యాడు. దుకాణావిడకి అనువాదం చేశాను. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఎలా సాగనంపుతారో అడుగు," అంది. "అక్షింతలు వేసి, యథాస్థానం ప్రవేశయామి అనుకుని, విగ్రహాన్ని కాస్త కదుపుతాం. అంతకు ముందు నైవేద్యం పెట్టాలి. ఆవిడ ఏం పెడుతుందిట?" అంది అమ్మమ్మ. "తేనె రొట్టె." "పరవాలేదు, పద్ధతైన మనిషే." ఆ గంటసేపూ వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు, నేను మధ్యలో టెలిఫోన్ తీగని. లేవబోతుంటే ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు వెతుకుతున్న గురువు మీ బేస్‌మెంట్‌లోనే ఉంది. పద్దెనిమిది నిండాక రా. ఈలోపల ప్లంబర్‌ని పిలిపించు," అంది.

సాయంత్రం బెల్లం పరమాన్నం వండి, ఇద్దరం అమ్మమ్మ గదికి ఆనుకుని ఉన్న మూలకి వెళ్లాం. అక్కడే నేలలోని గోతిలో, ఊరిన నీటిని బయటికి తోసే పంపు ఉంది. నేను పడమటి ముఖంగా నిలబడి, వచ్చినందుకు థాంక్స్ అని, ఇక దయచేయండని అంటుండగా మెట్ల మీద అమ్మ గొంతు: "ఏం చేస్తున్నారు మీరిద్దరూ అక్కడ?"

నా చేతిలో అక్షింతలు చెమటకి ముద్దయ్యాయి. అమ్మమ్మ వెనక్కి కూడా తిరగలేదు. "దసరాకి కార్లకి చేశారు గానీ ఈ పంపుకి పూజ చేశారుటే? అందుకే అలిగింది. బొట్టు పెట్టిస్తున్నా."

అమ్మ, "అయ్యో, నిజమే," అని కుంకుమ భరిణె అందుకుని వాటర్ హీటర్‌కి కూడా బొట్టు పెట్టింది. మర్నాడు వచ్చిన ప్లంబర్ పంపులో ఇరుక్కున్న ముక్కేదో తీసి, ఈ ఎర్రమచ్చలు తుప్పు కాదు కదా అని చాలాసేపు గోకి చూశాడు. పుక్కిలింత ఆగిపోయింది. (ఎవరి వల్ల ఆగిందో నేనిప్పటికీ తేల్చుకోలేదు.)

ఆరు నెలలూ నిండి ఇండియా వెళ్లేటప్పుడు, ఎయిర్‌పోర్ట్‌లో అమ్మమ్మ నా చెవిలో, "ఈసారి ఉత్తరం నుంచి మొదలుపెట్టవే. అటు కుబేరుడు. ఆయన్ని మాత్రం పంపించెయ్యకు," అంది.

పద్దెనిమిది నిండాక ఆ దుకాణానికి వెళ్లనూ వెళ్లాను, చాలానే నేర్చుకున్నాను. అది వేరే సంగతి. ఇప్పుడు బాతెల్‌లో, వానలకి కరువులేని ఊళ్లో, నాకూ ఒక ఇల్లుంది. గోడలో నీళ్ల చప్పుడైతే ముందు ప్లంబర్ నంబర్ వెతుకుతాను, ఆ తర్వాత, ఎవరూ చూడకుండా, పడమటికి తిరిగి దయచేయండని అంటాను. ఇంట్లో అక్షింతలు ఎప్పుడూ కలిపి ఉంచుతాను. అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. వానపడే మధ్యాహ్నాల్లో కాఫీ కలుపుతుంటే వెనక నుంచి "చిట్టీ" అన్నట్టే ఉంటుంది. ఆవిడకి మాత్రం నేను ఉద్వాసన చెప్పలేదు. చెప్పే ఉద్దేశం కూడా లేదు.