చుక్కకి నేను పెట్టిన బొమికలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుక్క కూడా పప్పన్నమే తినేది. మాది జలంత్రకోట. మా తాతయ్య ఊళ్లో శివాలయం అర్చకుడు, నాన్న సోంపేటలో గుమాస్తా. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. అలాంటి ఇంటికి ఒక వానాకాలం ఎక్కడి నుంచో గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి వచ్చి, పెరట్లో కొబ్బరి మట్టల కుప్ప కింద దూరి, ఇక వెళ్లలేదు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండేదని నేను దాన్ని చుక్క అని పిలిచేదాన్ని. అమ్మ వసారా ఎక్కనిచ్చేది కాదు గాని, మేం తిన్నాక మిగిలిన అన్నంలో పప్పో మజ్జిగో కలిపి చిప్పలో వేసేది. చుక్క మెతుకు మిగల్చకుండా తిని, సాయంత్రం నేను బడి నుంచి వచ్చే వేళకి జీడితోట మలుపులో కూర్చుని నాకోసం ఎదురు చూసేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడిలో గోడకి బొమ్మల చార్టు ఒకటి వేలాడుతుండేది. అందులో కుక్క నోట్లో పెద్ద ఎముక ఉండేది. ఆ బొమ్మ చూపించి తోటిపిల్లలు, మీది పప్పు కుక్క, దానికి బొమిక అంటేనే తెలీదు అని నవ్వేవాళ్లు. వాళ్ల నవ్వు కన్నా చుక్క మీద జాలే నన్ను ఎక్కువ బాధ పెట్టేది. మా ఇంట్లో పడ్డందుకు దానికి దక్కాల్సినది దక్కడం లేదనిపించేది.

పక్కింటి వాళ్లు కొబ్బరి, జీడి తోటలున్న రైతులు. ఆ ఇంటి కోడలిని నేను అక్కా అనేదాన్ని. నన్ను చూస్తే ముద్దుగా దగ్గరికి తీసుకునేది. ఒక ఆదివారం వాళ్లింట్లో కోడికూర వాసన వస్తుంటే, గోడ దగ్గర నిలబడి, మీరు తిన్నాక బొమికలు పారెయ్యకండి, మా చుక్కకి పెడతాను అని అడిగాను.

"ఓలమ్మో! మీ తాతగారికి తెలిత్తే ఏటవుద్దో ఎరికేనా నీకు?" అంది అక్క. అని కూడా, నా మొహం చూసి ఉండబట్టలేక, అరిటాకులో పొట్లం కట్టి ఇచ్చింది. "ఎవరికీ సెప్పకు. సెయ్యి సుబ్బరంగా కడుక్కో."

పెరటి చివర, ఎవరికీ కనపడని చోట ఆకు విప్పాను. చుక్క ఒక్కసారి వాసన చూసి, ఇక తల ఎత్తలేదు. పటపటమని అది కొరుకుతుంటే ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో! ప్రపంచంలో ఎవరికీ ఎవరూ ఇంత మంచి చేసి ఉండరనుకున్నాను. చివరి ముక్క దగ్గర అది ఉన్నట్టుండి తల విదిలించింది. ముందు కాళ్లతో మూతిని గీరుకుంది. తరవాత మట్టల కిందికి పోయి పడుకుంది. కడుపు నిండిందనుకుని నేను ఇంట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం అయ్యేసరికి చుక్క వీధిలో ఉంది. నోరు మూయలేక సొంగ కారుస్తూ, ఆ సొంగలో ఎర్రటి చార. ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు, గుండ్రంగా తిరుగుతోంది. "పిచ్చి పట్టిందిరా దీనికి, పిల్లల్ని లోపలికి లాగండి!" అని ఎవరో అరిచారు. అమ్మ నన్ను రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరు మనుషులు కర్రలు పట్టుకుని వస్తున్నారు. పిచ్చికుక్కని ఏం చేస్తారో నాకు తెలుసు. ఒకసారి చూశాను.

సరిగ్గా అప్పుడే మా తాతయ్య స్నానం చేసి, మడి కట్టుకుని, చేతిలో నీళ్ల చెంబుతో గుడికి బయల్దేరుతున్నాడు. మడి కట్టుకున్నాక ఆయన్ని మేమెవరమూ తాకకూడదు. నేను అమ్మ చెయ్యి విడిపించుకుని పరుగెత్తి ఆయన పంచె పట్టేసుకున్నాను.

"తాతయ్యా, పిచ్చి కాదు. నేనే... కోడి బొమికలు పెట్టాను."

వీధి వీధంతా విన్నది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాతయ్య నన్ను విదిలించుకోలేదు. చెంబు అరుగు మీద పెట్టి, నా ఎత్తుకి వంగాడు.

"ఎప్పుడు పెట్టేవమ్మా? వండినవా, పచ్చివా?"

"మధ్యాహ్నం. వండినవే."

"అప్పటిదాకా బాగానే తిరిగిందా?"

బాగానే ఉందని తల ఊపాను. ఆయన లేచి కర్రలవాళ్ల వైపు తిరిగాడు. "దించండి నాయనా. దీని నోట్లో ఎముక అడ్డం పడింది, అంతే."

"సెయ్యెట్టకండి పంతులు గారూ, కరిసేత్తాది. పిచ్చి కాదని ఎలాగ సెప్తారు?"

"పిల్ల చెప్పింది కదా," అన్నాడు తాతయ్య.

పక్కింటి అక్క గోనెపట్టా పట్టుకుని పరుగున వచ్చింది. "తప్పు నాదే పంతులు గారూ, నానే ఇచ్చేను," అని ఏడుస్తూనే చుక్క మీద గోనె కప్పి, వెనక నుంచి గట్టిగా పొదివి పట్టుకుంది. తాతయ్య కొబ్బరి మట్ట ముక్క ఒకటి దాని దవడల మధ్య ఇరికించి, అభిషేకం చేసే ఆ చేతిని కుక్క నోట్లో పెట్టాడు. పైదవడకి, ఈ వైపు పళ్లకీ ఆ వైపు పళ్లకీ మధ్య, ఎముక అడ్డంగా బిగుసుకుని ఉంది. వేళ్లతో అటూ ఇటూ కదిపి కదిపి లాగాడు. వచ్చేసింది. చుక్క ఒక్క అరుపు అరిచి, తరవాత ఆయన ముంజేతిని నాకింది. ఆయన మళ్లీ స్నానం చేసి గుడికి వెళ్లేసరికి చీకటి పడింది. నాకు తెలిసి సంధ్యాదీపం ఆలస్యమైంది ఆ ఒక్కరోజే.

మర్నాడు నాన్న చుక్కని సైకిలు మీద సోంపేట పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. లోపలికి పోయిన ముక్కలు పేగుల్లో గుచ్చుకోకుండా బయటపడాలి, మూడు రోజులు కనిపెట్టుకుని ఉండండి, మెత్తటి అన్నమే పెట్టండి అన్నాడట ఆయన. ఆ మూడు రోజులూ గుడి పని అయ్యాక తాతయ్య నాతోపాటు పెరట్లోనే కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం, తాను బయటికి లాగి, కడిగి దాచిన ఆ ఎముకని తెచ్చి, నా ఎదుట విరిచాడు. ఒక పేడు నా అరచేతిలో పెట్టి మెల్లగా నొక్కాడు. సూదిలా గుచ్చుకుంది.

"ఉడికిన ఎముక పెళుసైపోతుందమ్మా. నమిలితే పొడి అవదు, ఇలా పేళ్లు లేస్తుంది. పచ్చిది కొంత నయం అంటారు గాని, అదీ పన్ను విరగ్గొట్టగలదు, గొంతుకి అడ్డం పడగలదు. కుక్క ఆశగా తింది కదా అని దానికి పడుతుందనుకోకూడదు."

మాంసం ముట్టని నీకు ఇవన్నీ ఎలా తెలుసని అడిగాను. విరిచిన ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టాడు. తరవాత చెప్పాడు. ఆయన చిన్నతనంలో వాళ్ల నాన్న డొంకూరు దగ్గర ఒక ఊళ్లో అర్చకత్వం చేసేవారట. తాతయ్యకి ఒక నల్ల కుక్క ఉండేదట. ఎవరింట్లోనో విందు జరిగితే విస్తళ్లలోని ఎముకలు ఏరి దానికి పెట్టాడట, అచ్చం నాలాగే. అది రెండు రోజులు మూలుగుతూ పడి ఉందట. ఏం తిందో చెబితే ఏదైనా చేద్దామని వాళ్ల నాన్న ఇంటిల్లిపాదినీ అడిగారట. దెబ్బలకి భయపడి తాతయ్య నోరు విప్పలేదు. మూడో రోజు పొద్దున్న ఆ కుక్క లేవలేదు.

"ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నమ్మకి కూడా," అన్నాడు. "నువ్వూ పెట్టేవు, నేనూ పెట్టేను. నువ్వు చెప్పేవు, నేను చెప్పలేదు. అంతే తేడా."

ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు చుక్క వీపు నిమురుతూ కూర్చున్నాను. నాలుగో రోజుకి అది చిప్ప ఖాళీ చేసి, జీడితోట మలుపు దాకా నా వెనకే వచ్చింది. ఆ తరవాత ఆరేళ్లు బతికింది. మా తాతయ్య దానికన్నా ముందే వెళ్లిపోయాడు.

నేను టెక్కలిలో ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను. తల దించుకుని నా బల్ల దగ్గరికి వచ్చిన పిల్లని చూస్తే, చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి ముందు వంగేదాన్ని. ఎందుకు చేశావని అడిగేదాన్ని కాదు, ఏమైందో అడిగేదాన్ని. ఇప్పుడు పలాసలో మనవరాలు తన కుక్కపిల్లకి ఎముక పెట్టొచ్చా అని అడిగితే, వద్దని ఒక్క మాటలో చెప్పేయకుండా దగ్గర కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను.

ఇన్నేళ్ల జీవితంలో నేను చేసిన తప్పులూ కొన్ని ఉన్నాయి, ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోనివి. అవి గుర్తొచ్చినప్పుడల్లా మా తాతయ్య ఒక్క సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంటే బాగుండుననిపిస్తుంది. ఆయన కోప్పడడు. నా మాట నమ్ముతాడు. ఆయన రాడని తెలిసీ, ఏ మాట ముందు చెప్పాలో ఇప్పటికీ మనసులో కూర్చుకుంటూ ఉంటాను.