ఏరి పెట్టిన చేపలు

పెనుమూడి రేవులో కృపారావు దగ్గర చెడ్డ చేప కొన్న మనిషి లేడు. నలభై ఏళ్ళుగా కృష్ణలో వల వేస్తున్నాడు. పడ్డ చేపను అటూ ఇటూ తిప్పి, మొప్పలెత్తి చూసి, ఏమాత్రం తేడాగా ఉన్నా తిరిగి నీళ్ళలోకి విసిరేస్తాడు. ఆ మంచి పేరే చివరికి రేవు మొత్తాన్ని ముంచింది.

నాలుగైదేళ్ళుగా విసిరేసేవే ఎక్కువయ్యాయి. కొర్రమీనుల ఒంటి మీద ఎర్రటి పుండ్లు, జెల్లలకు కుళ్ళిన తోకలు. ఎగువన ఏటిలో కలిసే మురుగుకాలవ వల్లేనని రేవంతా గోల. అర్జీల మీద అర్జీలు పెట్టగా పెట్టగా, కిందటి శీతాకాలం తెనాలి ల్యాబు నుంచి ప్రత్యూష అనే అమ్మాయి వచ్చింది. నీళ్ళు సీసాల్లో పట్టుకుని, కృపారావు పడవ దగ్గర ఐసుపెట్టె దింపించింది.

"నీళ్ళు వెళ్ళిపోతాయి బాబాయ్, విషం జాడ చేప ఒంట్లోనే మిగులుతుంది. రేపు పొద్దున వలలో పడ్డవి పడ్డట్టే ఓ పాతిక వేసి ఉంచండి. మంచివే కావాలనేం లేదండి."

కృపారావు లోలోపల నవ్వుకున్నాడు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళంతా అనే మాటే అది. ఉన్నదేదో పెట్టండి, ప్రత్యేకంగా ఏమీ చెయ్యొద్దంటారు. అన్నారు గదా అని పచ్చడి మెతుకులు వడ్డిస్తామా? పైగా ఆడపిల్ల, తమ కష్టం చూడటానికి అంత దూరం నుంచి వచ్చింది. మర్నాడు వల లాగి, పుండ్లున్నవన్నీ ఏటిలోకి విసిరేసి, నిగనిగలాడే పాతిక ఏరి పెట్టెలో పేర్చాడు. జీపు డ్రైవరు వచ్చి పట్టుకెళుతుంటే గర్వంగా కూడా అనిపించింది.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. అర్జీలు రాసిపెట్టే నరసింహారావు రేపల్లె నుంచి వచ్చి చదివి వినిపించాడు. చేపలు ఆరోగ్యంగా ఉన్నాయట, కాలవ మీద చర్య అక్కర్లేదట. ఆ అమ్మాయి అమ్ముడుపోయిందని రేవంతా తిట్టిపోసింది. కృపారావుకు మాత్రం తను ఏరి పెట్టిన పాతిక చేపలు గుర్తొచ్చాయి.

మర్నాడు మొదటి బస్సుకే తెనాలి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ప్రత్యూష ఆ రిపోర్టు ఫైలు ముందుకు లాక్కుంది.

"ఎందుకలా చేశారు బాబాయ్?"

"పుండ్ల చేప నీ చేతిలో ఎలా పెట్టనమ్మా? నా బతుకులో ఎవరికీ పెట్టలేదు."

"మళ్ళీ సర్వే మూడేళ్ళకండి. అప్పటిదాకా ఆ ఫైలు తెరవరు."

"తప్పు నాదేనని రాయమ్మా, సంతకం పెడతాను."

"రాస్తానండి. రాసినా, ఆ రోజు చేపలు మళ్ళీ రావుగా."

తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాడు. ఆ ఒక్క పొద్దున తన చెయ్యి ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు రోజూ వల లాగాక, ఏరిన పుండ్ల చేపల్ని గంపలో పోసుకుని రేవు మెట్ల మీద కూర్చుంటున్నాడు. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుని, ఇవి ఎవరు కొంటారయ్యా అని అడుగుతారు.

"అమ్మడానికి కాదండి," అంటాడు కృపారావు. "ఆ రోజు పెట్టెలో వెయ్యాల్సినవి ఇవి."