ఎడమకు ఒరిగిన సీటు

దుబాయ్ సత్వాలో నేను పనిచేసింది కార్ల సీట్లు కుట్టే షాపులో. అంతకుముందు రావులపాలెంలో లారీలకు, ఆటోలకు సీట్లు కుట్టేవాణ్ణి. కుట్టు చూసి అది నా చేతిదని చెప్పేయొచ్చని అక్కడి డ్రైవర్లు అనేవారు. వాళ్ళు అన్నా అనకపోయినా నేను మాత్రం అనుకునేవాణ్ణి. ఆ గీర దుబాయ్ వచ్చాక కూడా తగ్గలేదు. 2013 ఎండాకాలంలో ఒక శనివారం పొద్దున మాత్రం మొత్తం దిగిపోయింది.

దానికి రెండు రోజుల ముందు, గురువారం నాడు, ఒక తెల్లాయన షాపుకు వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. తువ్వాల్లో చుట్టి ఒక మోటారుసైకిల్ సీటు తెచ్చాడు. పాతకాలపు రేసు బండిదట. ఒక్కడే కూర్చునే సీటు, వెనకాల చిన్న మూపురం. నల్ల తోలు బీటలు వారింది. మధ్యలో గుంట పడి, ఎడమవైపు కాస్త ఎక్కువ దిగి ఉంది. అడుగు రేకు తుప్పు పట్టింది, లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది. ఆ రెండూ మార్చాలి, తోలు మాత్రం అదే ఉండాలి. ఆయన ఇంగ్లీషులో చెప్పింది మా మేనేజరు హిందీలో నాకు చెప్పాడు. మేనేజరును మేం అరబ్బీలో ముదీర్ అనేవాళ్ళం.

“కవర్ వహీ రహేగా. ఉస్‌కే బాప్ కా గాడీ హై. సమఝా?”

“సమఝా ముదీర్.”

అది వాళ్ళ నాన్న బండని, పాత కవరే ఉండాలని నిజంగానే అర్థమైంది. తప్పంతా చేతిది. సీటు పనిలో మా చేతికి అలవాటైన వరస ఒకటుంది. పాత కవరు కుట్లు విప్పుతాం. దాన్ని కాగితం మీద పరిచి చుట్టూ చాక్‌పీసుతో గీస్తాం. పాతదాన్ని మూలనున్న కుప్పలోకి విసిరేస్తాం. షాపు కట్టేసేటప్పుడు ఆ కుప్పను సంచిలోకెత్తి, సంచిని వీధి చివర మున్సిపాలిటీ డబ్బాలో పడేస్తాం. ఆ రోజు ఒక పెద్ద బండి సీట్లు ఏడూ సాయంత్రానికి ఇవ్వాలి. ముదీర్ యల్లా యల్లా అంటూ నెత్తిమీద నిలబడ్డాడు. నా చేతులు వాటి వరసలో అవి పోయాయి.

శుక్రవారం సెలవు. శనివారం కొత్త రేకు కోసి, ఫోమ్ చెక్కి, కవరు కోసం చెయ్యి చాపాను. బల్లమీద చాక్‌పీసు గీతలున్న కాగితం ఉంది. కవరు లేదు. మూలన కుప్ప కూడా లేదు.

వీధి చివరికి పరిగెత్తాను. డబ్బా ఖాళీగా, కడిగినట్టు ఉంది. దాంట్లోకి తల పెట్టి ఎంతసేపు చూశానో నాకే తెలియదు. ఎవరో దారిన పోయేవాడు ‘క్యా గిర్ గయా భాయ్’ అన్నాడు. ఏమీ పడిపోలేదని చెప్పి వెనక్కి వచ్చేశాను.

ఉన్నమాట చెప్పేయొచ్చు కదా అని మీరనొచ్చు. అంతకు నెల ముందు, మా షాపులోనే ఒకడు ఒక కారు తలుపు మీద గీత పెట్టాడు. ముదీర్ ఒక్కటే మాటన్నాడు, ఖలాస్ అని. వారం తిరిగేసరికి వాడు విమానం ఎక్కాడు. నేను వచ్చి పద్నాలుగు నెలలైంది. నా వీసా ఆ షాపుది, నా పాస్‌పోర్టు మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని బీరువాలో ఉంది. పని తెలియనివాడని వెనక్కి పంపేశారంటే రావులపాలెంలో ఏ మొహం పెట్టుకుని తిరగను? అందుకని నోరు మూసుకున్నాను. నాది పిరికితనమే, కాదనను.

పాత అలవాటు ఒక్క మేలు చేసింది. కాగితం మీద కొలత ఉంది. నా జేబులోంచి పెట్టి అలాంటి నల్ల తోలు కొన్నాను. గీత ప్రకారం కోసి, పాత కుట్టును గుర్తు తెచ్చుకుంటూ చేత్తో కుట్టాను. టీ డికాషన్ మరిగించి రెండుసార్లు పట్టించాను. ఇసకతో రుద్దాను. మేడమీద ఎండలో పెట్టి, మడిచి విప్పి, మడిచి విప్పి బీటలు తెప్పించాను. అన్నీ వచ్చాయి కానీ గుంట మాత్రం రాలేదు.

మా గదిలో ఎనిమిది మందిమి. అందులో ఒకాయన కరీంనగర్ మనిషి, జెబెల్ అలీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నూట పది కిలోలకు తక్కువుండడు. సీటును గదికి తెచ్చి, రెండు రంగుడబ్బాల మీద బిగించి, తోలును వేడినీళ్ళతో తడిపి, ఆయన్ని పిలిచాను.

“పిచ్చి లేసిందా తమ్మీ? కుర్సీ ఉండంగ గిదేంది?”

“కూర్చో అన్నా, నీకు పుణ్యముంటుంది. ఎడం పక్కకి వాలి కూర్చో.”

“ఎన్నొద్దులు?”

“గుంట పడేదాకా.”

విషయమంతా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను గానీ నవ్వలేదు. “అంటే నీ నౌకరీ ఇప్పుడు నా పిర్రల మీదున్నదన్నట్టు” అని ఎక్కి కూర్చున్నాడు. నాలుగు సాయంత్రాలు కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి, దానిమీదే కూర్చుని టీవీ చూశాడు, దానిమీదే అన్నం తిన్నాడు. గదిలో అందరూ గుర్రమెక్కాడని ఆటపట్టించారు. నేను మాత్రం గంటకోసారి ఆయన్ని లేపి గుంట ఎంత పడిందో చేత్తో చూసుకునేవాణ్ణి.

ఆ శుక్రవారం పొద్దున జుమైరాలో ఆ తెల్లాయన ఇంటికి వెళ్ళి సీటు బిగించాలి. ముదీర్ నన్ను గేటు దగ్గర దింపి వెళ్ళిపోయాడు. లోపలికి వెళ్ళేసరికి పదిహేను మంది ఉన్నారు. అందరూ పాత బళ్ళంటే పడిచచ్చేవాళ్ళేనట. ఒకాయన నేలమీద పడుకుని ఇంజను అడుగు చూస్తున్నాడు. ఇద్దరు ఒక ఇత్తడి మూత పట్టుకుని వాదించుకుంటున్నారు. కోయించి, అతికించి, ట్యాంకు మీద బొమ్మలేయించి సొంతంగా తయారు చేయించుకున్న బళ్ళు కూడా బోలెడున్నాయి. కానీ తిరిగి తిరిగి అందరూ ఈ తెల్లాయన బండి దగ్గరికే వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నారు. దానిమీద గీతలు, నూనె మరకలు, ట్యాంకు మీద సగం చెరిగిన అంకె. మేమైతే బండి పాతబడితే రంగేయిస్తాం. వీళ్ళు ఆ మరకల్నే వేలు పెట్టి చూపించి మురిసిపోతున్నారు. నేనేం పారేశానో అప్పుడు తెలిసొచ్చింది.

సీటు పెట్టి పానాతో నాలుగు బోల్టులూ బిగించాను. బిగించాక ఒక ముసలాయన కళ్ళజోడు పైకి తోసి, చిన్న టార్చి వేసి, కుట్టు వెంట వేలు పోనిచ్చాడు. ఆయన తల ఊపి పక్కకు జరిగాడు.

తర్వాత ఒక కుర్ర ఇంజనీరు వంగాడు. హైదరాబాద్ అబ్బాయి, ఆఫీసు ఉద్యోగం, నేను తెలుగువాణ్ణని తెలిసి అంతకుముందే పలకరించాడు. సీటు దగ్గరికి ముక్కు పెట్టి, నా వైపు తిరిగి, మెల్లిగా అన్నాడు:

“అన్నా, టీ వాసనొస్తుంది కదా?”

“బాబూ, మీకు దండం పెడతాను. నోరు మెదపకండి.”

అతను నన్ను ఎగాదిగా చూశాడు. అంతలోకే తెల్లాయన వచ్చి, నాకు తెలుగులో చెప్పమని అతన్నే అడిగాడు. అతను చెప్పాడు, నా కళ్ళలోకి చూడకుండా.

“వాళ్ళ నాయనకు ఎడమ కాలు కొంచెం పొట్టిగుండెనంట. అందుకే సీటు అటు ఒరిగిందంటున్నడు. ఆయన పోయి నలభై ఏళ్ళయ్యిందంట. అప్పట్నుంచి ఎవర్నీ కూర్చోనియ్యలేదంట, తను గూడ కూర్చోలేదంట. నాయన గుర్తు చెరిగిపోతదని.” తెల్లాయన మళ్ళీ ఏదో అన్నాడు. “ఇప్పుడు ఒక్కసారి కూర్చోవాలనుందంట. కూర్చుంటే ఆ గుంట పోతదా అని అడుగుతున్నడు. పని తెలిసినోడివి కదా, నువ్వు చెప్పు అంటున్నడు.”

అందరూ నావైపే చూస్తున్నారు. నిజం చెబితే ఈయన ఇక్కడే కుప్పకూలిపోతాడు, నేను ఊరెళ్ళిపోతాను. గుంట పోతుందంటే ఈయన ఇంకెప్పటికీ ఎక్కడు. మా ఫోర్క్‌లిఫ్ట్ అన్న కూర్చున్న గుంటకు బతికినంతకాలం కాపలా కాస్తాడు.

“కూర్చోమనండి” అన్నాను. “పోయేదేం లేదని చెప్పండి.”

ఇంజనీరు నన్నే చూస్తూ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు.

తెల్లాయన చెప్పులు విప్పాడు. కాలు తిప్పి, ఎంతో జాగ్రత్తగా కూర్చుని, ఎడమకు ఒరిగాడు. రెండు చేతులూ ట్యాంకు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎవరో టోపీ తీశారు.

దిగి తిన్నగా నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళతో ఏదో చెబుతున్నాడు, ఎంతకీ ఆపడం లేదు. ఇంజనీరు నాకు తెలుగులో చెప్పబోయాడు. వద్దని తల అడ్డంగా ఊపాను.